నీరు తీసినా గీత పైకే పోతోంది – మ్యాట్‌ప్లాట్‌లిబ్ తెలిసినవాళ్ళు సాయం చేయండి

లంకపిల్లోడు | ఆదివారం, ఉదయం 9.10

అందరికీ నమస్కారం అండి. నేను బీఎస్సీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. మాది కోనసీమలో గోదావరి పాయ పక్కన లంక ఊరు. మా నాన్నగారు ఏటిగట్టు మీద లస్కరుగా పనిచేసి రిటైరయ్యారు. ఇప్పటికీ వరద వచ్చిందంటే నోటు పుస్తకం తీస్తారు. ఎడమ వైపు టీవీలో చెప్పిన భద్రాచలం నీటిమట్టం, కుడి వైపు మా రేవులో అడుగుల గుర్తులున్న స్తంభం మీద మట్టం, పక్కన తేదీ, టైము. 2022 జులై వరద పేజీలన్నీ (ఆరేసి గంటలకొక కొలత, 15న మాత్రం గంట గంటకూ) ఎక్సెల్‌లో ఎక్కించి సీఎస్వీగా సేవ్ చేశాను.

నాకు కావలసింది ఒక్కటే. భద్రాచలంలో పెరిగిన నీరు ఎంతసేపటికి మా రేవుకు చేరుతుందో గీతలో కనిపించాలి. పెద్దవాళ్ళు ఒక రోజు పైనే టైముంటుంది అంటారు. ఆ టైములోనే పశువులను గట్టు మీదకు తోలుకోవాలి, బస్తాలు అటక ఎక్కించుకోవాలి.

పైథాన్‌లో పట్టికలు చదివే పాండాస్‌తో ఫైలు చదివి, గ్రాఫులు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్‌తో రెండు బొమ్మలు గీశాను. రెండూ వింతగా వచ్చాయి. మొదటిదాంట్లో తేదీలు లేకుండా వరుస నంబరుతో మా రేవు మట్టం పెట్టాను. ఎడమ కింది మూల నుంచి కుడి పై మూలకు స్కేలు పెట్టి గీసినట్టు వచ్చింది. 18 తర్వాత నీరు తీసింది, పుస్తకంలో అంకెలు తగ్గుతున్నాయి, గీత మాత్రం పైకే పోతోంది. నడుమ ఒకచోట చదునుగా ఉంది, రెండు మూడు చోట్ల ఉన్నట్టుండి కిందికి పడి మళ్ళీ లేస్తోంది. రెండోది తేదీలు పెట్టి గీసిన భద్రాచలం. నా దగ్గరున్నది జులై 8 నుంచి 20 వరకే. గీత డిసెంబరు దాకా పోయి వెనక్కి వస్తోంది. రాత్రంతా కూర్చున్నా అంతు చిక్కలేదు.

సీమ_శారద | ఆదివారం, ఉదయం 9.42

తమ్ముడూ, రెండోది ముందు తేల్చేద్దాం. నువ్వు 08-07-2022 అని రాశావు. పాండాస్ దాన్ని అమెరికా పద్ధతిలో ఆగస్టు 7 అని చదివింది. 12-07 డిసెంబరు 7 అయింది. 13వ నెల లేదు కాబట్టి 13 నుంచి సరిగ్గా జులై అని తీసుకుంది. అందుకే గీత డిసెంబరు దాకా పోయి జులైకి తిరిగొచ్చింది. తేదీలు చదివే టు_డేట్‌టైమ్‌లో డేఫస్ట్‌ని (రోజే ముందు అని) ట్రూ చెయ్యి, ఇంకా మంచిది ఫార్మాట్ నువ్వే రాసివ్వు: ముందు రోజు, తర్వాత నెల, తర్వాత సంవత్సరం, గంట.

నీ దగ్గరున్నది పాత పాండాస్ అయి ఉంటుంది. 2.0 నుంచి మొదటి వరుస చూసి ఒకే పద్ధతి పట్టుకుంటుంది, 13 దగ్గర ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. అదే నయం. ఆగిపోతే మనకు తెలుస్తుంది.

లెక్కలమాస్టారు | ఆదివారం, ఉదయం 10.15

మొదటి బొమ్మ గురించి ఒక ప్రశ్న. నిలువు అక్షం మీద అంకెలు కింద నుంచి పైకి చదివి ఇక్కడ రాయి బాబూ. ఉన్నవి ఉన్నట్టు.

లంకపిల్లోడు | ఆదివారం, ఉదయం 10.31

బొమ్మ పెద్దది చేసి చూశాను మాస్టారూ. 9.2, 9.8, 10.5 అలా మొదలై 17.6 దాకా పోయాయి. ఆ పైన అంకె లేదు, చిన్న చిన్న డబ్బాలు వరుసగా ఉన్నాయి. దాని పైన 17.3, 16.8, 15.7. పైకి పోయేకొద్దీ తగ్గుతున్నాయి!

లెక్కలమాస్టారు | ఆదివారం, ఉదయం 10.58

దొరికింది. నీ రేవు మట్టాలు కంప్యూటరుకు సంఖ్యలు కావు, మాటలు. మాటలిస్తే మ్యాట్‌ప్లాట్‌లిబ్ వాటి విలువ చూడదు. మొదట కనబడ్డ మాటకు 0, కొత్తగా కనబడ్డదానికి 1, తర్వాతదానికి 2, అలా వరుసగా మెట్లు కేటాయించుకుంటూ పోతుంది. ప్రతి కొలతా కొత్తదైతే ప్రతిసారీ ఒక మెట్టు పైకే. అందుకే స్కేలు పెట్టి గీసినట్టు వచ్చింది. ముందొకసారి వచ్చిన కొలత మళ్ళీ వస్తే దాని పాత మెట్టుకే దిగుతుంది. నువ్వు చెప్పిన పడి లేవడం అదే.

మరి సంఖ్యలు మాటలెందుకయ్యాయి? వరుసలో ఒక్క గడిలో సంఖ్య కానిది ఉన్నా పాండాస్ ఆ నిలువు వరుస మొత్తాన్నీ మాటలుగానే ఉంచుతుంది. ఆ డబ్బాలున్న చోట నీ ఫైల్లో ఏదో తెలుగు మాట ఉంది. మ్యాట్‌ప్లాట్‌లిబ్ మామూలుగా వాడే డేజావూ సాన్స్ ఫాంటులో తెలుగు అక్షరాలు లేవు కాబట్టి డబ్బాలు చూపించింది. గీత చదునుగా ఉన్నది కూడా అక్కడే అయి ఉంటుంది, అదే మాట వరసగా చాలాసార్లు ఉంది కాబట్టి. ఏముందో చూసి చెప్పు.

లంకపిల్లోడు | ఆదివారం, ఉదయం 11.20

చూశాను మాస్టారూ. 16 సాయంత్రం 6 నుంచి 18 మధ్యాహ్నం 12 వరకు ప్రతి వరుసలో "మునిగింది" అని ఉంది.

స్తంభం 18 అడుగులే. నీరు దాని నెత్తి మీద నుంచి పోయింది. నాన్నగారు టార్చిలైటు పట్టుకుని వెళ్ళడం, వచ్చి ఆ మాట రాసుకోవడం నాకు గుర్తుంది. ఎక్సెల్‌లో ఎక్కించేటప్పుడు అలవాటుగా అలాగే కొట్టేశాను.

మానేరు_తీరం | ఆదివారం, మధ్యాహ్నం 12.05

ఆ రోజు 16నే కదా భద్రాచలంలో 71.3 అడుగులు వచ్చింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులకు. 1986 ఆగస్టు 16న 75.6 వచ్చిన తర్వాత అంత పెద్ద వరద మళ్ళీ అదే. మా చుట్టాలు బూర్గంపాడు వైపు ఉంటారు, ఆ రెండు రాత్రులూ ఫోన్ పట్టుకునే కూర్చున్నాం.

తమ్ముడూ, టు_న్యూమరిక్‌లో ఎర్రర్స్‌ని కోయర్స్ అని పెడితే సంఖ్య కానివన్నీ ఎన్ఏఎన్ (విలువ లేని గడులు) అవుతాయి. తర్వాత డ్రాప్‌ఎన్ఏ కొట్టు. గీత శుభ్రంగా వస్తుంది.

సీమ_శారద | ఆదివారం, మధ్యాహ్నం 12.40

మానేరు గారూ, మొదటి సగం సరే, డ్రాప్‌ఎన్ఏ మాత్రం వద్దండి. ఆ వరుసలు తీసేస్తే 16 మధ్యాహ్నం చుక్కకూ 18 సాయంత్రం చుక్కకూ మధ్య నేరుగా గీత పడుతుంది. చూసినవాళ్ళకు ఆ రెండు రోజులూ నీరు 17న్నర అడుగుల దగ్గర నిలకడగా ఉన్నట్టు కనిపిస్తుంది. నిజానికి వరద అన్నిటికన్నా ఎత్తున ఉన్నది అప్పుడే.

ఎన్ఏఎన్‌లు అలాగే ఉంచితే మ్యాట్‌ప్లాట్‌లిబ్ అక్కడ గీత తెంపేస్తుంది, ఖాళీ వదిలి మళ్ళీ మొదలుపెడుతుంది. ఆ ఖాళీ ఉండాలి. దాని వెనక యాక్స్‌వీస్పాన్‌తో లేత బూడిద రంగు పట్టీ వేసి "స్తంభం మునిగింది" అని రాయండి. నాన్నగారు రాసిన మాట బొమ్మలో ఉండాల్సిన చోటు అదే.

ఇంకొకటి. కోయర్స్ ఏం మింగిందో చెప్పదు. సున్నా బదులు ఇంగ్లీషు ఓ అక్షరం పడ్డా, అంకె చివర "అ." అని ఉన్నా అదీ ఎన్ఏఎన్ అయిపోతుంది. ముందు ఎన్ఏఎన్ అయిన వరుసలన్నీ ప్రింట్ చేసి కళ్ళతో చూసుకో తమ్ముడూ. "మునిగింది" తప్ప ఇంకేమీ లేదని తేలాకే ముందుకెళ్ళు.

మానేరు_తీరం | ఆదివారం, మధ్యాహ్నం 12.52

అవును శారద గారూ, అట్ల ఆలోచించలేదు. డ్రాప్‌ఎన్ఏ వద్దు తమ్ముడూ.

లంకపిల్లోడు | ఆదివారం, సాయంత్రం 4.30

చాలా థ్యాంక్స్ అక్కా, మాస్టారూ, అన్నా. "మునిగింది" తప్ప ఇంకేం లేదు. ఇప్పుడు గీత పెరిగి, మధ్యలో తెగి, తర్వాత దిగుతోంది. బొమ్మ నాన్నగారికి చూపించాను.

కానీ కొత్త సమస్య. పెరిగేటప్పుడు గీత మీద రంపపు పళ్ళలాగా చిన్న చిన్న నొక్కులు ఉన్నాయి. ఒక్కో అడుగు నిండబోయే ముందు ఒక్కసారి కిందికి దిగి ఎగురుతోంది. నాన్నగారు "అట్టా ఎప్పుడూ జరగలేదు, పెరిగేటప్పుడు పెరుగుతానే ఉంది" అన్నారు. ఫైల్లో ఆ చోట 14.9, 14.1, 15 అని ఉంది.

లెక్కలమాస్టారు | ఆదివారం, సాయంత్రం 5.02

నాన్నగారి మాటే నిజం. పుస్తకం తెరిచి ఆ వరుస చూడు. 14.1 అని ఉందా, 14.10 అని ఉందా?

లంకపిల్లోడు | ఆదివారం, సాయంత్రం 5.09

14.10 మాస్టారూ. ఇంకోచోట 16.11 కూడా ఉంది.

లెక్కలమాస్టారు | ఆదివారం, సాయంత్రం 5.40

అది 14 అడుగుల 10 అంగుళాలు. చుక్క దశాంశ బిందువు కాదు, అడుగులకూ అంగుళాలకూ మధ్య పెట్టుకున్న గుర్తు. పాత స్తంభాల మీద అడుగును 12 అంగుళాలుగా గీస్తారు, నాన్నగారు ఉన్నది ఉన్నట్టు రాశారు. భద్రాచలం 71.3 మాత్రం దశాంశమే. ఒకే పేజీలో రెండు లెక్కలున్నాయి.

14.9 అంటే 14 అడుగుల 9 అంగుళాలు, దశాంశంలో 14.75. తర్వాతది 14.10, అంటే 14.83. ఎక్సెల్ చివరి సున్నా కొట్టేసి 14.1 చేసింది. 10 అంగుళాలు కాస్తా ఒక్క అంగుళం అయిపోయాయి. నీ రంపపు పళ్ళు అవే. మొదటి బొమ్మలో గీత పాత మెట్టుకు పడింది కూడా అసలు 14.1, సున్నా పోయిన 14.10 ఒకే మాటగా కనబడే.

ఫైల్లో పోయిన సున్నాను ఏ ఫంక్షనూ తిరిగి తేలేదు, పుస్తకం చూసే దిద్దాలి. ఎక్సెల్‌లో ఆ నిలువు వరుసను టెక్స్ట్‌గా మార్చి మళ్ళీ ఎక్కించు. చదివేటప్పుడు డీటైప్‌ను ఎస్‌టీఆర్ అని ఇవ్వు. తర్వాత చుక్క దగ్గర స్ప్లిట్ చేసి, మొదటి ముక్కకు రెండో ముక్కను 12తో భాగించి కలుపు. ఈసారి మాటలుగా చదవడమే మనకు కావాలి. రాసినదంతా సరిగ్గా ఉందో లేదో తెలియడానికి ఒక పరీక్ష: చుక్క తర్వాత 11 దాటినది ఒక్కటి కూడా ఉండకూడదు.

నేను పిల్లలకు ఈ లైబ్రరీ చెప్పేటప్పుడు దాన్ని రాసినాయన గురించి చెబుతాను. జాన్ హంటర్ మెదడు మీద పరిశోధన చేసేవాడు. మూర్ఛ రోగుల మెదడు నుంచి వచ్చే విద్యుత్ సంకేతాలను తెర మీద గీతలుగా చూసుకోవడం కోసం మొదలుపెట్టి, 2003లో అందరికీ ఇచ్చాడు. 2012లో పోయాడు, పెద్ద వయసేమీ కాదు. ఆయన కూడా ఇలాగే గీతలో వింత కనబడితే అది రోగిదా, కొలతదా అని వెతుక్కునే ఉంటాడు.

డల్లాస్_రవి | సోమవారం, ఉదయం 6.20

బాగుంది ఈ చర్చ. నాదొక సలహా. కొలతలు ఆరేసి గంటలకొకటి కాబట్టి గీత కోణాలు కోణాలుగా వస్తుంది. సైపై అనే లైబ్రరీలో స్ప్లైన్ (చుక్కలను వంపు గీతతో కలిపే పద్ధతి) వాడితే నున్నగా వంపు తిరిగి అందంగా ఉంటుంది. ఆ ఖాళీ కూడా దానంతటదే నిండుతుంది, శిఖరం ఎంతో అంచనా వస్తుంది.

సీమ_శారద | సోమవారం, ఉదయం 8.05

రవి గారూ, ఆ ఖాళీ నింపడానికే నాకు భయం. స్ప్లైన్ ఖాళీకి ముందూ వెనకా గీత ఎంత నిటారుగా ఉందో చూసుకుని పైకి విసిరేస్తుంది. అది 19 చూపించవచ్చు, 23 చూపించవచ్చు. ముందు కొలత ఒక్కటి అరగంట అటూ ఇటూ అయితే చాలు, శిఖరం మారిపోతుంది. ఊళ్ళో ఎవరైనా ఆ అంకె నమ్మి ఇంటి పునాది ఎత్తు నిర్ణయించుకుంటే ఎలా?

కోణాలుగా ఉండనివ్వండి. మార్కర్‌గా చిన్న చుక్క పెడితే కొలత తీసింది ఎక్కడో, మనం కలిపింది ఎక్కడో చూసేవాళ్ళకు తెలుస్తుంది. 15వ తేదీ నాన్నగారు గంట గంటకూ రాశారు కదా, అక్కడ చుక్కలు దగ్గర దగ్గరగా పడతాయి. ఆ రోజు ఎంత కంగారుగా గడిచిందో కూడా బొమ్మలో కనిపిస్తుంది.

డల్లాస్_రవి | సోమవారం, ఉదయం 8.30

పునాది మాట చెప్పాక ఇంక వాదించను. ఒప్పుకుంటున్నానండి.

లంకపిల్లోడు | సోమవారం, మధ్యాహ్నం 1.15

దిద్దాను. పుస్తకం చూసి పదకొండు చోట్ల సున్నాలు తిరిగి పెట్టాను. రంపపు పళ్ళు పోయాయి.

ఇప్పుడు రెండు గీతలూ ఒకే బొమ్మలో కావాలి. భద్రాచలం 71 దాకా పోతోంది, మాది 9 నుంచి 18. ఒకే అక్షం మీద పెడితే మాది అడుగున నలిగిపోతోంది. ట్విన్ఎక్స్‌తో కుడి వైపు ఇంకో అక్షం పెట్టమని ఒక వీడియోలో చూశాను. పెట్టనా?

మానేరు_తీరం | సోమవారం, మధ్యాహ్నం 1.50

ట్విన్ఎక్స్ వద్దు తమ్ముడూ. కుడి అక్షం కొలత కొంచెం జరిపితే రెండు గీతలూ ఎక్కడ కావాలంటే అక్కడ ఒకదాన్నొకటి దాటుతాయి. చూసేవాళ్ళు ఆ దాటిన చోటే ఏదో జరిగిందనుకుంటారు. రెండు స్తంభాలకూ సున్నా వేరు, అడుగుతో అడుగు పోల్చడానికి లేదు.

సబ్‌ప్లాట్స్‌లో రెండు వరుసలు, ఒక నిలువు, షేర్ఎక్స్ ట్రూ. పైన భద్రాచలం, కింద మీ రేవు, తేదీల అక్షం ఒక్కటే. పైదాంట్లో యాక్స్‌హెచ్‌లైన్‌తో 43, 48, 53 దగ్గర మూడు సన్నటి అడ్డ గీతలు వెయ్యి. మూడు హెచ్చరికలూ మీ ఊళ్ళో అందరికీ తెలిసినవే కాబట్టి కొత్తగా చెప్పక్కర్లేదు. పై గీత 53 దాటిన టైము నుంచి కిందికి చుక్కల గీత దించి, అక్కడి నుంచి మీ రేవు గీత నిటారుగా లేవడం మొదలైన చోటికి ఎన్ని గంటలో చూడు.

కానీ ఒక్క వరదతో వచ్చిన గంటలు పట్టుకోవద్దు. భద్రాచలం కింద కూనవరం దగ్గర శబరి కలుస్తుంది. శబరి కూడా పొంగి ఉంటే ఒక లెక్క, లేకుంటే ఇంకో లెక్క. నాన్నగారి దగ్గర వేరే సంవత్సరాల పుస్తకాలు కూడా ఉన్నాయా?

లంకపిల్లోడు | సోమవారం, మధ్యాహ్నం 2.10

ఉన్నాయి అన్నా. ట్రంకు పెట్టెలో ఆరు పుస్తకాలు. ఇంకా ఎక్కించలేదు. ఈసారి మొదటి నుంచీ టెక్స్ట్‌గానే ఎక్కిస్తాను.

ఇంకొక్కటి. బొమ్మ ప్రింటు తీసి పంచాయతీ ఆఫీసులో అతికించాలని ఉంది. అందుకని అక్షాల పేర్లు తెలుగులో ఉండాలి. నోటో సాన్స్ తెలుగు పెట్టాను, డబ్బాలు పోయాయి కానీ వత్తులు పక్కకు పోతున్నాయి. "మట్టం"లో రెండో ట కిందికి రాకుండా పక్కన పడుతోంది. "భద్రాచలం" చదవలేకుండా ఉంది.

అక్షరసేద్యం | సోమవారం, రాత్రి 9.35

ఫాంటులో అక్షరాలుంటే సరిపోదండి. ద, పొల్లు, ర మూడూ పక్కపక్కన వస్తే "ద్ర"గా కూర్చాలని చెప్పే పని ఇంకోటి ఉంటుంది. బ్రౌజర్లు ఆ పని చేస్తాయి, మీ దగ్గరున్న మ్యాట్‌ప్లాట్‌లిబ్ చేయడం లేదు. ఒక్కో అక్షరాన్నీ విడిగా పక్కన పేర్చుకుంటూ పోతోంది.

ఎక్కువ తిప్పలు పడకుండా దారి ఉంది. మ్యాట్‌ప్లాట్‌లిబ్ సెట్టింగులుండే ఆర్‌సీపారమ్స్‌లో ఎస్‌వీజీ.ఫాంట్‌టైప్‌ను నన్ అని పెట్టి బొమ్మను ఎస్‌వీజీగా సేవ్ చేయండి. అప్పుడు అక్షరాలను గీతలుగా మార్చకుండా అక్షరాలుగానే ఫైల్లో ఉంచుతుంది. ఆ ఫైలును ఫైర్‌ఫాక్స్‌లోనో క్రోమ్‌లోనో తెరవండి. వత్తులు చక్కగా కూర్చుంటాయి. ప్రింటు అక్కడి నుంచే ఇవ్వండి, లేదా పీడీఎఫ్ చేసుకుని తీసుకెళ్ళండి. ఎస్‌వీజీ ఫైలే పట్టుకెళ్తే ఆ కంప్యూటరులో కూడా ఫాంటు ఉండాలి, లేకపోతే రూపం మారుతుంది. గోడ మీద పెట్టేదైతే శీర్షికకు రామభద్ర ఫాంటు వాడి చూడండి, దూరం నుంచి కూడా కనబడుతుంది. అంకెలకు, అక్షాల పేర్లకు నోటో చాలు.

బొమ్మను తెర మీద చూపే షో కంటే ముందే, ఫైలుగా దాచే సేవ్‌ఫిగ్ పిలవండి. తర్వాత పిలిస్తే తెల్ల కాగితం వస్తుంది.

లంకపిల్లోడు | బుధవారం, రాత్రి 8.50

ప్రింటు వచ్చింది! వత్తులన్నీ సరిగ్గా ఉన్నాయి. అక్షరసేద్యం గారికి ప్రత్యేకంగా థ్యాంక్స్ అండి.

ఇంట్లో మంచం మీద పరిచి నాన్నగారికి చూపించాను. పై గీత మీద వేలు పెట్టి నెమ్మదిగా జరుపుకుంటూ వచ్చి, కింది దాంట్లో బూడిద రంగు పట్టీ దగ్గర ఆగారు. "ఇక్కడ ఎంతో నేను చూపిస్తా రా" అని బయటికి తీసుకెళ్ళారు. మా పశువుల పాక వెనక గోడ మీద వరద వదిలిన మట్టి చార ఇంకా ఉంది. మేము ఆ గోడకు సున్నం వేయలేదు. ఊళ్ళో తాపీమేస్త్రిని పిలిచి లెవెల్ పైపు పట్టించాం. ఒక చివర నేను చార దగ్గర, ఇంకో చివర మేస్త్రి రేవు స్తంభం దగ్గర. పైపు చాలక మధ్యలో చింతచెట్టు మీద ఒక గుర్తు పెట్టుకుని రెండు విడతలుగా చూశాం. స్తంభం నెత్తికన్నా చార 2 అడుగుల 4 అంగుళాలు ఎత్తు.

అంటే 20 అడుగుల 4 అంగుళాలు, 20.33. నీరు ఆ చార దగ్గర ఆగింది 17 తెల్లవారుజామున అంటున్నారు నాన్నగారు. మూడూ నాలుగూ మధ్య అంటారు, అమ్మ మాత్రం కోడి కూశాక అంటోంది. దీన్ని బొమ్మలో ఎలా పెట్టాలి? గీతకు కలపనా?

లెక్కలమాస్టారు | బుధవారం, రాత్రి 9.30

కలపకు. అది కొలిచిన చుక్కే, కానీ పుస్తకంలో చుక్కల్లాంటిది కాదు. ఎత్తు నమ్మకంగా తెలుసు, టైము సుమారుగా తెలుసు. ఎర్రర్‌బార్ అనే ఫంక్షన్ ఉంది. ఎత్తు 20.33, టైము 17 తెల్లవారుజామున 4 గంటలు, ఎక్స్‌ఎర్ దగ్గర రెండు గంటల టైమ్‌డెల్టా ఇవ్వు. చుక్కకు అటూ ఇటూ చిన్న అడ్డ గీత వస్తుంది. నాన్నగారి మాటా, అమ్మ మాటా రెండూ అందులో పడతాయి. మార్కర్ గుండ్రంగా పెట్టి లోపల రంగు నింపకుండా ఖాళీగా వదులు, పక్కన "గోడ మీద చార" అని యానొటేట్ చెయ్యి. నిలువు అక్షం హద్దు వైలిమ్‌ను 22 దాకా పెంచు, లేకపోతే చుక్క పై అంచుకు తగులుతుంది.

ఆ గోడకు సున్నం వేసేలోపు చార పక్కన మేకుతో గీసి, తేదీ చెక్కించు.

లంకపిల్లోడు | గురువారం, ఉదయం 7.05

పెట్టాను మాస్టారూ. బూడిద పట్టీలో ఖాళీ సున్నా, అటూ ఇటూ గీత. మేకు, సుత్తి నాన్నగారు పొద్దున్నే తీసుకెళ్ళారు.